పర్లమ్మ పిల్లలకు రంగేసిన రోజు

అంకమ్మ ఇంటి పెరట్లో ఒక బర్రె, ఒక గడ్డివామి, ఒక పెంటదిబ్బ, కంచె వేద్దామని కొట్టి తెచ్చి మూల పడేసిన తుమ్మకంప కుప్ప, వీటన్నిటి మీదా పెత్తనం చేసే ఒక కోడిపెట్ట ఉండేవి. ఆ పెట్ట మెడ మీద నలుపూ తెలుపూ ఈకలు కలగలిసి ఉంటాయి కాబట్టి అందరూ దాన్ని పర్లమ్మ అనేవారు. నోరు పెద్దది, కోపం ఇంకా పెద్దది, మనసు మాత్రం మంచిదే. అలాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లతో వచ్చే తంటా కూడా ఏ ఊళ్లోనైనా ఒకటే: ముందు పొడుస్తారు, తర్వాత ఆలోచిస్తారు.

గోడ అవతల తాడిచెట్టు మీద ఒక గద్ద కాపురముంది. ఈసారి పర్లమ్మ పదకొండు పిల్లల్ని లేపితే, గింజల కోసం నాలుగడుగులు పక్కకెళ్లిన పిల్లనల్లా ఆ గద్ద తన్నుకుపోయింది. చివరికి ఆరు మిగిలాయి. పోయిన ప్రతి పిల్లకీ పర్లమ్మ రెండు పూటలు గింజ ముట్టకుండా ఏడ్చింది. ఒకసారి గద్ద మరీ దగ్గరికి దిగితే ఎగిరి దాని ముఖం మీద గోళ్లతో గీరింది కూడా. అప్పట్నుంచి గద్ద తల్లి రెక్కల దరిదాపులకు రాకుండా, విడిపోయే పిల్ల కోసమే కాచుకుని కూచుంది.

అంకమ్మ మాత్రం చేతులు ముడుచుకుని కూర్చుందా? పళ్లెం మీద గరిటెతో మోగించింది. గద్ద ఆ చప్పుడుకు అలవాటు పడింది. మొగుడి పాత నల్లచొక్కా కర్రకి తొడిగి నిలబెట్టింది. గద్ద వచ్చి ఆ చొక్కా భుజం మీదే కూచుని ముక్కు తుడుచుకుంది. చివరికి సంతలో ఎవరో చెప్పారు: "పిల్లలకి గులాబీ రంగు వెయ్యి అంకమ్మా. గద్ద కంటికి అవి తిండిలా కనపడవు."

మర్నాడు పొద్దున్నే పర్లమ్మను గంప కింద మూసి, గంప మీద రాయి పెట్టి, సత్తు గిన్నెలో రంగునీళ్లు కలిపి, ఆరు పిల్లల్నీ మెడ దాకా ముంచి తీసి, తలకూ అదే రంగు పులిమి గోనెపట్టా మీద ఎండకు వదిలింది. ఆరాక గంప ఎత్తి, తన పని అయిపోయినట్టు వెళ్లి చూరు కింద మిరపకాయల తొడిమలు తీసుకుంటూ కూచుంది. గంప కింద పర్లమ్మకి ఈ సంగతేదీ తెలియదని ఆవిడకు తట్టలేదు.

పర్లమ్మ బయటికి రాగానే ఆరు గులాబీరంగు ఉండలు "అమ్మా!" అంటూ కాళ్లకు అడ్డం పడ్డాయి.

"ఎవర్రా మీరు?" అని ఎగిరి వెనక్కి దూకింది పర్లమ్మ.

"మేమేనమ్మా!"

"మేమే అంటే? పేరూ ఊరూ లేదా?"

అన్నిటికన్నా చిన్నది ముందుకొచ్చింది. "నేనమ్మా, బుడ్డదాన్ని."

"నా బుడ్డది పసుపుముద్దలాగా ఉంటది. నువ్వేందే, పెళ్లికొచ్చినదానివా?" అంటూ దాని నెత్తిన టక్కున ఒక్కటి పొడిచింది. పాపం బుడ్డది రెండు పల్టీలు కొట్టింది.

అదే సమయానికి గద్ద ఆకాశంలో ఒక చుట్టు తిరిగింది. కిందికి చూసింది. కోడిపిల్లలుండాల్సిన చోట గులాబీరంగువి ఏవో పరుగెడుతున్నాయి. దానికేమీ అర్థంకాక తాడిచెట్టెక్కి కూచుంది. అంకమ్మ వేసిన రంగు చక్కగా పనిచేసింది. పర్లమ్మ మాత్రం దాన్ని తిరగేసి అర్థం చేసుకుంది. "ఓరి దేవుడా! గద్ద కూడా వద్దనుకుందంటే ఇవెంత పాడు సంతానమో!"

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. అలాగే సరిగ్గా అప్పుడే కాకి వచ్చి గోడ మీద వాలింది. అది పొద్దున్నే గోడ మీద కూచుని అంకమ్మ రంగు కలపడం, పిల్లల్ని ముంచడం మొత్తం చూసింది. చూసినట్టు ముఖంలో ఎక్కడా కనపడనివ్వలేదు.

"ఏందొదినా, ఎవరి పిల్లలు?"

"ఏమో వదినా! నా పిల్లలు కనపడట్లేదు. ఇవేమో అమ్మా అంటూ వెంటపడుతున్నాయి."

కాకి మెడ ఒక పక్కకు వంచి పిల్లల్ని చూసింది. పెద్దగా నిట్టూర్చింది. "చెప్పకూడదు గానీ వదినా, నా బతుకూ ఇట్టాగే అయింది. కోయిల నా గూట్లో గుడ్డు పెట్టి పోతే, నా బిడ్డేననుకుని నా నోటి దగ్గరిది తీసి పెట్టి పెంచాను. రెక్కలొచ్చాక అది 'కూ' అని నోరు తెరిచింది. ఊరు ఊరంతా నవ్వింది. కాకి పిల్ల కాకికి ముద్దంటారు, కానీ అది కాకి పిల్లయితే కదా!"

కాకి ఏడుపు నిజమే. ఆ ఏడుపుతో చేస్తున్న బేరమే దొంగది. పర్లమ్మకి బేరం కనపడలేదు, ఏడుపొక్కటే కనపడింది.

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"ఇంకా చెయ్యడమేంది? ఇవి నీ రెక్క కింద దూరితే, నీ పిల్లలొచ్చేసరికి చోటుండదు. తరిమెయ్. పెంటదిబ్బ అవతల దాకా తరిమెయ్. పరాయివాళ్ల మీద జాలి పడితే మనవాళ్ల నోట్లో మట్టి కొట్టినట్టే."

పర్లమ్మ మెడ ఈకలు నిక్కబొడుచుకున్నాయి. ముందు పొడిచే రకమని చెప్పుకున్నాం కదా. ఆరు పిల్లల్నీ పేరు పేరునా పొడిచి, రెక్కలతో కొట్టి, పెంటదిబ్బ అవతల నీడలేని చోటికి తరిమేసింది. అంకమ్మ తొడిమల మీద నుంచి తల ఎత్తలేదు. ఎత్తినా, పర్లమ్మ కోపం మనకి కొత్తా అనుకునేది. కాకి "వస్తా వదినా, ధైర్యంగా ఉండు" అనేసి ఎగిరిపోయింది. ఎటు పోయిందో పర్లమ్మ చూడలేదు.

ఇక అక్కణ్ణుంచి ఆ పెరట్లో జరిగింది చెప్పాలంటే నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. పర్లమ్మ గడ్డివామి చుట్టూ తిరుగుతూ "నా తల్లుల్లారా, ఎక్కడున్నార్రా" అని పిలుస్తుంది. ఆ పిలుపు వినగానే ఆరు పిల్లలూ "ఇక్కడున్నామమ్మా" అంటూ పరుగెత్తుకొస్తాయి. అది వాటిని పొడిచి తరిమి, మళ్లీ వాటినే వెతుక్కుంటూ ఏడుస్తుంది. సాయంత్రమయ్యేసరికి దాని గొంతు బొంగురుపోయింది. పిల్లలు రావడం మానేసి పెంటదిబ్బ వెనకే ఒకదాన్నొకటి ఆనుకుని వణుకుతున్నాయి.

పొద్దువాలుతుండగా బర్రె మేత నుంచి తిరిగొచ్చింది. అంకమ్మ దాన్ని గుంజకు కట్టేసి, కుడితి తేవడానికి లోపలికెళ్లింది. బర్రె ఏ పనీ తొందరగా చెయ్యదు. అలాంటిది ఇవాళ నెమరు కూడా ఆపి గబగబా మాట్లాడింది.

"ఏందే పర్లమ్మా, ఎవరి కోసం ఆ ఏడుపు?"

"నా పిల్లలు పోయాయి పెద్దమ్మా. వాటి బదులు ఎవరివో రంగు పిల్లలొచ్చి పడ్డాయి."

"పండగకి నా కొమ్ములకి ఎర్రరంగేశారు. నా దూడ నన్ను కాదని పక్కింటి బర్రె దగ్గరికి పోయి తాగిందా?"

"కొమ్ములు వేరు పెద్దమ్మా. ఇవి ఒళ్లంతా..."

"సరే. ఒక్క మాట చెప్పు. గుడ్డులో ఉన్నప్పుడు నీ పిల్లల రంగు చూశావా?"

"గుడ్డులో ఉంటే ఎట్టా చూస్తా?"

"మరి గుడ్లు పగలబోయే ముందు రెండు రోజులూ గంపలో కూచుని ఎవరితో మాట్లాడావు? లోపల్నుంచి అవి కీచుమంటే నువ్వు ఊఁ కొట్టలా? పక్కనే కట్టేసి ఉన్న నాకు వినపడలా? ముందు విన్నావు, తర్వాత చూశావు. ఇప్పుడు కళ్లు మూసుకో."

పర్లమ్మ కళ్లు మూసుకుంది. పెంటదిబ్బ వెనక నుంచి సన్నగా ఏడుపు వినపడుతోంది. అందులో ఒకటి గొంతు గీరుకుపోయినట్టు ఏడుస్తోంది, అది పెద్దోడు. ఒకటి ఏడ్చి ఏడ్చి మధ్యలో ఎక్కిళ్లు పెడుతోంది, అది బుడ్డది. పర్లమ్మ చటుక్కున కళ్లు తెరిచింది.

"పెద్దమ్మా, నా బిడ్డల్నే పొడిచాను! నా బిడ్డల్నే!"

"ఏడవడానికి రేపుంది. వచ్చేటప్పుడు తాడిచెట్టు కింద నుంచి వచ్చా. కాకీ గద్దా ఒకే మట్ట మీద కూచుని ఉన్నాయి. 'ఆ గులాబీరంగువి కోడిపిల్లలే. తల్లి చేతే తరిమించాను. అంకమ్మ లోపలికెళ్లగానే దిగు. పేగులు మాత్రం నావి' అంటోంది నీ వదిన."

పర్లమ్మ తల ఎత్తి చూసింది. గద్ద అప్పటికే చెట్టు వదిలింది. అంకమ్మ లోపల ఉంది. పిల్లలు ఆరుబయట ఉన్నాయి.

"రండమ్మా! రండి నా తల్లుల్లారా!" అని రెక్కలు చాపి పిలిచింది. ఒక్క పిల్లా కదల్లేదు. పొద్దుట్నుంచీ ఆ పిలుపు నమ్మి వస్తే ప్రతిసారీ పోటే పడింది. ఇంకెందుకొస్తాయి? పర్లమ్మ ఒక అడుగు ముందుకేస్తే అవి రెండడుగులు వెనక్కేశాయి. గద్ద నీడ గడ్డివామి మీద నుంచి జారింది.

తల్లి పిలిస్తే రాని పిల్లలు, తల్లిని చూస్తే పారిపోయే పిల్లలు. పర్లమ్మకి బతుకులో మొదటిసారి పొడవకముందు ఆలోచన వచ్చింది. ప్రేమతో రానప్పుడు భయంతోనైనా పోతాయి కదా! ఎటు పోవాలో చూపిస్తే చాలు.

ఒక్కసారిగా ఈకలు నిక్కించి, "ఇంకా ఇక్కడే చచ్చారా, దిక్కుమాలినవాళ్లారా! పోండి!" అని అరుస్తూ పెంటదిబ్బ వెనక్కి ఉరికింది. నోరు తిడుతూనే ఉంది, కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. పిల్లలు హడలిపోయి తుమ్మకంప కుప్ప వైపు పరుగెత్తాయి. పక్కకి చెదిరిన పిల్లను రెక్క అడ్డం పెట్టి మళ్లీ ఆ దారికే తిప్పింది.

పైన గద్ద మురిసిపోయింది. "తల్లే తరుముతోంది. ఇవాళ అడ్డమెవరు?" అని రెక్కలు ముడుచుకుని రాయిలా కిందికి దిగింది. పిల్లలు ముళ్ల సందుల్లోంచి చీమల్లా దూరిపోయాయి. పర్లమ్మ పక్కకి దొర్లింది. గద్ద ఆ వేగంలో ఆగలేక, గోళ్లు చాపి, బారెడు రెక్కలు విప్పి, తిన్నగా వెళ్లి కంపలో పడింది. తుమ్మముల్లు సంగతి తెలిసిందే కదా. లాక్కున్నకొద్దీ దిగుతుంది.

"కాకీ! ఓ కాకీ! వచ్చి లాగు!"

పేగుల వాటా కోసం గోడ మీద సిద్ధంగా ఉన్న కాకి ఒక గెంతు వెనక్కేసింది. "అయ్యో అన్నా, గూట్లో పిల్లలు ఏడుస్తుంటాయి. మళ్లీ వస్తా."

"వెళ్లవే తల్లీ," అంది బర్రె తాపీగా. "ముందా గూట్లో ఉన్నవి ఎవరి పిల్లలో చూసుకో. రంగు కలిసిందని నువ్వు మోసపోయావు, రంగు మారిందని ఇదీ మోసపోయింది. అంత దెబ్బ తిన్నదానివి ఇంకో తల్లికి అదే మంట పెట్టాలని ఎట్టా అనిపించిందే?"

కాకి ముఖం తిప్పుకుని ఎగిరిపోయింది.

గోల విని అంకమ్మ కుడితి బిందె అక్కడే దించి దుడ్డుకర్రతో పరుగెత్తుకొచ్చింది. రెండు దెబ్బలు పడ్డాయి. మూడోది పడకముందే గద్ద తోక ఈకలన్నీ కంపలోనే వదిలేసి, తూలుకుంటూ ఏటి అవతలికి పోయింది. ఆ తర్వాత ఆ తాడిచెట్టు మీద ఎవరికీ కనపడలేదు. తోక లేని గద్ద ఏ ముఖం పెట్టుకుని వస్తుంది?

అంతా సద్దుమణిగాక పర్లమ్మ కంప ముందు కూచుంది. పిలవడానికి కూడా దానికి భయమేసింది. కంపలోకి చూస్తూ మెల్లగా అంది. "గద్ద పోయింది నాన్నా. నాదే తప్పు. మిమ్మల్ని చూడలేకపోయాను."

లోపల్నుంచి పెద్దోడి గొంతు వినపడింది. "మళ్లీ పొడుస్తావా అమ్మా?"

"పొడవను."

ఒకటి వచ్చింది, ఇంకొకటి వచ్చింది. ఐదు పిల్లలు వచ్చి రెక్క కింద దూరాయి. బుడ్డది మాత్రం కంప అంచున నిలబడి, తల్లి ముక్కు వైపే చూస్తోంది. పర్లమ్మ దాన్ని రమ్మనలేదు. ఐదు పిల్లల్నీ అలాగే రెక్కల కింద పెట్టుకుని, ముక్కు నేలకు ఆనించి, మట్టి మీద దేక్కుంటూ దేక్కుంటూ తనే దాని దగ్గరికి వెళ్లింది. బుడ్డది కాసేపు ఎక్కిళ్లు పెట్టి, ఆ తర్వాత తల్లి మెడ కిందకి జరిగింది.

నీతి: పక్కవాళ్లు చాడీ చెప్పగానే ముక్కు ఎత్తకు, అమ్మా అని పిలిచే గొంతు ఎవరిదో ముందు విను.