ఎగరడం మరిచిన పెర్సీ

పెర్సీకి ఎగరడం పోయింది. అదీ వాడి బాధ.

ఇది మెల్‌బోర్న్‌లో గుర్రపు ట్రాముల కాలంనాటి ముచ్చట. అక్కడివాళ్ళ ఫుట్‌బాల్ వేరు. బంతిని చేత్తో పట్టొచ్చు. గాల్లో వస్తున్న బంతిని ఒడిసిపట్టినవాడికి, ఎవరూ అడ్డు రాకుండా గోలు మీదికి తన్నే హక్కు ఉంటుంది. అందుకని బంతి లేచిందంటే చాలు, కిందంతా తిరునాళ్ళే. ఆ తోపులాటలోంచి పెర్సీ ఒక్కడే పైకి లేచేవాడు. ఎంత పైకి? చూసేవాళ్ళు టోపీలు ఎగరేసేంత పైకి! గొర్రెలు కాచుకునే పిల్లవాడు ఒక్క ఏడాదిలో ఊరికి ముద్దుబిడ్డ అయిపోయాడు.

అలాంటివాడు మూడు వారాలుగా నేలకి అతుక్కుపోయాడు. ఎగురుతాడు, బంతి మాత్రం వేళ్ళ పైనుంచి పోతుంది. ఈ శనివారం కూడా ఇంతే అయితే జట్టులోంచి తీసేస్తానని కెప్టెన్ మొహం మీదే చెప్పేశాడు. తీసేస్తే మళ్ళీ గొర్రెల దగ్గరికే.

పాపం, చెయ్యని ప్రయత్నం లేదు. పచ్చిగుడ్లు తాగాడు. మేడమెట్లు ఎక్కి దిగాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు బూట్లని కూడా తిట్టాడు. జారకుండా బూటు అడుగున తోలుపట్టీలు కొట్టుకుంటారు. కుడి బూటుకి చివరి పట్టీ వంకరగా ఉందని వాడి ఫిర్యాదు. ఆ వంకర పట్టీ కొట్టుకున్నది ఎవరయ్యా అంటే, తనే!

చివరికి గురువు దగ్గరికి పోయాడు. ఆయన పేరు మలాకీ. ఒకప్పుడు పేరుమోసిన ఆటగాడే. మోకాళ్ళు అరిగాక, మైదానం పక్క చెక్కగదిలో ఆటగాళ్ళకి ఒళ్ళు రుద్దుతూ, ఆట నేర్పుతూ ఉండిపోయాడు. మాటలు మహా పొదుపు.

ఆయన గది బయట చేతులు కడుక్కుంటున్నాడు.

"మాస్టారూ, అవే కాళ్ళు, అదే మైదానం. మరి ఎందుకు లేవలేకపోతున్నాను? నా కాళ్ళకేమైందో మీరే చూడాలి."

మలాకీ వాడి కాళ్ళ వంక చూడనైనా లేదు. నీలగిరి తైలం సీసా చేతిలో పెట్టాడు.

"లోపల ఒకడు పడుకున్నాడు. వీపు రుద్దు. నోరు మెదపకు."

ఇదెక్కడి వైద్యంరా దేవుడా అనుకున్నాడు పెర్సీ. కాళ్ళకి జబ్బంటే ఎవడి వీపో తోమమంటాడేమిటి? అయినా గురువు మాట కదా, వెళ్ళాడు. బల్ల మీద ఒక భారీ మనిషి బోర్లా పడుకుని ఉన్నాడు. పెర్సీ తైలం పోసి రుద్దడం మొదలుపెట్టాడు.

వీపు నిండా గాట్లు. అడ్డంగా, పొట్టిపొట్టిగా, ఒకదాని కింద ఒకటి. కొన్ని మానాయి, కుడి పక్కవి ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఇవేం దెబ్బలబ్బా అని వంగి చూశాడు. ప్రతి వరసలోనూ చివరి గాటు వంకర.

పెర్సీ చెయ్యి ఆగిపోయింది. మెల్లిగా కుడికాలు ఎత్తి, బూటు అడుగు చూసుకున్నాడు.

"ఆపావేం మలాకీ? హాయిగా ఉంది," అన్నాడు ఆ మనిషి, తల ఎత్తకుండానే.

గొంతు హ్యూబర్ట్‌ది. తన జట్టువాడే. నడుం పట్టేసి మూడు వారాలుగా ఆటకి రావడం లేదు. పెర్సీ ఒక్కసారైనా చూడ్డానికి వెళ్ళలేదు.

"ఈ శనివారం నేను దిగుతాను," అన్నాడు హ్యూబర్ట్. "నేను లేక కుర్రాడు నేలమీదే ఉండిపోయాడు, పాపం. బంతి లేచినప్పుడు కాస్త వంగి నిలబడటమేగా, అదెంత పని? కాకపోతే వాడికో మాట చెప్పు. ఈసారి ఎడమ పక్కనుంచి ఎక్కమను. కుడి పక్క ఇంకా మానలేదు."

పెర్సీ మళ్ళీ సీసా అందుకున్నాడు. ఇంకాస్త తైలం అరచేతిలో పోసుకుని, వెచ్చబెట్టి, ఆ కుడి పక్క మీద నెమ్మదిగా పెట్టాడు.

గుమ్మం దగ్గర్నుంచి మలాకీ అన్నాడు:

"చెప్పేశావుగా. ఆ చేతులు వాడివే."