స్థపతిగారి నల్లరాతి వీధి

తుమ్మెదగిరి నరసింహస్వామి గుడి చుట్టూ ఉన్న అంగళ్ళన్నీ ఎత్తేయించాలని ఇమ్మడి భూపతికి ఒక పొద్దున బుద్ధి పుట్టింది.

"గోపురం చూద్దామంటే ముందు తాటాకు పందిళ్ళే కనబడుతున్నాయి. దేశదేశాల నుంచి యాత్రికులు వస్తారు, మన పరువేం కాను?" అన్నాడు నిండు సభలో.

ఆస్థాన స్థపతి విశ్వంభరుడు ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు పటం విప్పాడు. ఆయనకు పన్నెండు బిరుదులు. అవన్నీ చదివితే గాని ఎక్కడా కాలు కదపడు. పటంలో పందిళ్ళు లేవు, పూల కొట్లు లేవు. గుడి చుట్టూ నున్నటి నల్లరాతి పరుపు, అంతే.

"భేష్!" అన్నాడు అందరికంటే ముందు అడపం పోలయ్య.

పోలయ్య పని రాజుగారికి తాంబూలం అందించడం. ఊళ్ళో అతనికి మహా తెలివిగలవాడని పేరు. ఆ పేరు ఎలా వచ్చిందో అతనికే తెలియదు. తమలపాకుల ఈనెలు తీస్తూ, ఎవరేమన్నా భేష్ అనడం అతని అలవాటు. ఆ రోజూ పటం వంక చూడకుండానే అనేశాడు.

నెల తిరిగేసరికి తూర్పు వీధిలో పందిళ్ళు పోయి రాళ్ళు పడ్డాయి. తూర్పు వీధి ప్రారంభోత్సవం కాగానే దక్షిణ వీధి పందిళ్ళు పీకుతామని గుంజలమీద ఎర్ర జాజుతో గీతలు గీసి వెళ్ళారు. అక్కడ మలుపులో మొదటి పందిరి పోలయ్య మేనత్త గవరమ్మది. ముప్పై ఏళ్ళుగా ఆ నీడనే కూర్చుని ఆమె పూలు కట్టి అమ్ముకుంటోంది.

"ఏరా పోలిగా, సభలో ముందుగా భేష్ అన్నది నువ్వేనంటగా?"

"అన్నానే అత్తా."

"ఏం చూసి అన్నావు?"

"ఆకు చూసి అన్నాను."

"అమ్మ లేని పిల్లాడివని ఈ పూల డబ్బుల్తోనే పెంచాను కదరా నిన్ను! రేపట్నించి ఎక్కడ కూర్చుని కట్టుకోను పూలు? నీ నెత్తి మీదా?"

పోలయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. పందిరి కింద నుంచి తూర్పు వీధి వంక చూస్తూ నిలబడిపోయాడు. మిట్టమధ్యాహ్నం. గుడి చుట్టూ ఉన్న వీధుల్లో రాజైనా సరే చెప్పులు వేసుకోకూడదు. అప్పుడే గుండు చేయించుకుని వచ్చిన యాత్రికులు నలుగురు ఆ రాళ్ళ మీద కాలు పెట్టి, మొక్కు మాట మరిచి, కెవ్వుమని గంతులు వేశారు. స్థపతి రోజూ తెల్లవారగానే వచ్చి ఎండ ముదరకముందే వెళ్ళిపోయేవాడు. రాజుగారు గుడికి వచ్చేది సుప్రభాతం వేళకే. ఇద్దరికీ ఈ సంగతి తెలిసే దారే లేదు.

మర్నాడు సభలో జ్యోతిష్కుడు ప్రారంభోత్సవానికి తెల్లవారుజామున ముహూర్తం పెట్టాడు. పోలయ్య రాజు చేతికి తాంబూలం అందిస్తూ మెల్లగా అన్నాడు:

"అంత చీకట్లో స్థపతిగారి పనితనం ఎవరికి కనబడుతుంది ప్రభూ? సాక్షాత్తూ రాముడు పుట్టిన అభిజిత్ ముహూర్తం ఉండనే ఉంది. మిట్టమధ్యాహ్నం, ఊరంతా చూస్తుండగా, వారిని ఆ రాళ్ళ మీదే నిలబెట్టి బిరుదులన్నీ చదివిస్తే..."

"పన్నెండూనా?" అన్నాడు స్థపతి. ఆయన ముఖం చేటంతయింది.

"పన్నెండూ. రెండేసి సార్లు."

"పోలయ్య ఇన్నాళ్ళకు ఒక తెలివైన మాట అన్నాడు ప్రభూ!"

వైశాఖ మాసం. జనమంతా దక్షిణ వీధి పందిళ్ళ కింద ఇరుక్కుని నిలబడ్డారు. రాజు, స్థపతి చెప్పులు విడిచి నల్లరాళ్ళ మధ్యకు నడిచారు. బిరుదులు చదివే బట్టు గొంతు సవరించుకున్నాడు.

"వాస్తువిద్యా విశారద!"

స్థపతి ఛాతీ విరుచుకున్నాడు.

"శిల్పికులశేఖర!"

స్థపతి కాలు మార్చాడు.

మూడో బిరుదుకు వేళ్ళ మీద లేచాడు. అయిదో దానికి రాజుగారే ఒంటికాలి మీదికి వచ్చారు.

"ఇంకా ఎన్నిరా?" అన్నాడు రాజు పళ్ళ బిగువున.

"ఏడు ప్రభూ. తర్వాత మళ్ళీ మొదటి నుంచి."

జవాబైతే చెప్పాడు గాని, పోలయ్య కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. అంత పన్నాగం పన్నిన మహానుభావుడు, తాంబూలం పళ్ళెం పట్టుకుని రాజు వెనకాలే తానూ నిలబడాలన్న సంగతి మరిచిపోయాడు.

"చాలు! ఇక చాలు!" అని ఆరో బిరుదు దగ్గర కేక పెట్టాడు స్థపతి. పుట్టాక ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు.

రాజు పరుగందుకున్నాడు. వెనక స్థపతి, ఆ వెనక పోలయ్య. ముగ్గురూ వెళ్ళి మొట్టమొదటి నీడలో పడ్డారు. గవరమ్మ పూల మీద చల్లే నీళ్ళ కడవ ఎత్తి రాజుగారి పాదాల మీద కుమ్మరించింది.

"ఈ ఎండలో ఏం తిప్పలు బాబూ! ఇలా కూకోండి."

రాజుకు ప్రాణం లేచివచ్చింది. ఊపిరి అందాక మండిపడ్డాడు.

"ఇది మనుషులు నడిచే వీధేనా? పటంలో అంత బాగా కనబడిందే!"

పోలయ్య ఒంటికాలి మీద నిలబడి చేతులు జోడించాడు.

"పటంలో ఎండ గీయలేదు ప్రభూ. కాళ్ళూ గీయలేదు."

రాజు అతని వంక తేరిపార చూశాడు.

"ముహూర్తం మార్పించింది నువ్వే కదూ? ముందే చెప్పి ఏడవచ్చుగా!"

"నేను చెబితే ఏలినవారు వినేవారా? మొదట భేష్ అన్నవాడినే నేను. నా మాట నేనే నమ్మను."

రాజు పకపకా నవ్వాడు. దక్షిణ వీధిలో ఒక్క గుంజ కూడా కదపరాదని, తూర్పు వీధి పందిళ్ళు స్థపతి దగ్గరుండి మళ్ళీ వేయించాలని అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చాడు. ఒలికిన నీళ్ళ బురదలో కాళ్ళు పెట్టుకుని ఉన్న స్థపతి తల ఊపాడు. రాజు తన చేతి బంగారు కడియం తీసి పోలయ్యకు తొడిగాడు.

"తెలివంటే నీదిరా!"

గవరమ్మ పూలు కడుతూనే అంది:

"మావోడి తెలివి తలకాయలో లేదు బాబూ, అరికాళ్ళలో ఉంది. కాలితే గాని బయటికి రాదు."

రాజు నవ్విన నవ్వుకు పందిరి అదిరింది. పోలయ్యా నవ్వాడు, నిలబడే ఓపిక లేక పూలబుట్టల మధ్య కూలబడి మరీ నవ్వాడు.