ముళ్ళపంది అడిగి తెచ్చుకున్న కట్టుబాటు

ఈ అడవి ఎక్కడుందని నన్నడక్కండి. చెబితే మా ఊరి పక్కదేనంటారు, కాదంటే నాతో దెబ్బలాటకొస్తారు. నాలుగు కోనలు, నాలుగింటికీ కలిపి ఒకే ఒక్క మడుగు. అంతవరకే చెప్పగలను. పైన ఉసిరి కోన, దాని కింద ఎర్రరాళ్ళ కోన, ఆ తర్వాత వెదురు కోన. అన్నిటికీ దిగువన, మడుగుకి అందరికంటే దూరంగా ఇప్పల కోన. కోనకి వంద తలల చొప్పున జీవాలు బతికేవి.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. శివరాత్రికే మడుగు సగానికి దిగింది. సరిగ్గా అప్పుడే అడవికి పెద్దగా ఉంటున్న ముసలి ఏనుగు కన్నుమూసింది. కొత్త పెద్దని ఎన్నుకోవాల్సి వచ్చింది.

పోటీకి ఇద్దరు దిగారు. ఒకటి అడవిదున్న. ఆ మెడ, ఆ కొమ్ములు చూస్తే చాలు, సగం అడవి అడక్కుండానే దారిస్తుంది. రెండోది ముళ్ళపంది. మూరెడు ఎత్తు లేదు గానీ, వేళ్ళు తవ్వుకు తినే జీవి కదా, నేల లోపలి సంగతి దానికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

"జానెడు తవ్వితే తగిలే తడి ఈసారి మూరెడు తవ్వినా తగల్లేదు. రోహిణి కార్తెకి మడుగులో బురద కూడా మిగలదు. ఒంట్లో సత్తువ ఉండగానే కొండసందు దాటి అవతలి ఏటికి పోదాం. అందరం కలిసే పోవాలి. దున్నలు అంచున నడిస్తే సందులో కాపేసిన చిరుతలు దగ్గరికి రావు. విడివిడిగా పోయామా, ఒక్కరం మిగలం," అని ముళ్ళపంది కోన కోనకీ తిరిగి చెప్పింది.

"మా తాతలు ఈ నీళ్ళే తాగారు. నేనూ ఇవే తాగుతా. మృగశిర రాగానే వాన అదే వస్తుంది," అంది దున్న.

దున్న చెడ్డదేం కాదు. అది నిజంగానే అలా నమ్మింది. చెడ్డవాడికైనా ఎదురు చెప్పొచ్చు గానీ, ఇలా నమ్మి కూర్చున్నవాడికి చెప్పడం ఎవరి తరం?

ఇక నక్క. అడవికి కరణం అది. తలలు లెక్కపెట్టేదీ, కట్టుబాట్లు గుర్తుంచుకునేదీ అదే. దానికి మాత్రం దున్నే గెలవాలి. ఎందుకంటారా? కరువొస్తే గడ్డి తినేవాళ్ళు చస్తారు. చచ్చినవాళ్ళని తినేవాడికి కరువంటే పండగే కదా. ఆ మాట అది పైకి అనలేదు, నేనంటున్నాను.

ఎన్నిక పద్ధతి ముసలి ఏనుగు పెట్టిందే. వారానికో కోన చొప్పున, పై నుంచి కిందికి జరగాలి. జీవాలన్నీ తమకి నచ్చినవాళ్ళ వెనక వరసగా నిలబడాలి. ఒక్కో కోన తరఫున పదిమంది ప్రతినిధులు. వందలో అరవై తలలు తెచ్చుకున్నవాడికి ఆరుగురు, నలభై తెచ్చుకున్నవాడికి నలుగురు. ఎన్ని తలలో, దానికి తగ్గ వాటా. నాలుగు కోనల్లోనూ కలిపి నలభైమందిలో ఇరవై ఒక్కరు ఎవరి వైపుంటే వాళ్ళే పెద్ద. పోటీలో ఉన్న ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప ఈ కట్టుబాటు మార్చకూడదు.

మొదటి వారం ఉసిరి కోన. ముళ్ళపంది వెనక పది తలలైనా నిలబడతాయా అని నవ్వినవాళ్ళు నోరెళ్ళబెట్టారు. దాని వెనక అరవై, దున్న వెనక నలభై! పిట్ట కొంచెం కూత ఘనం అని కోనంతా ఒకటే గోల. దున్న తల దించుకుని పోయింది. అప్పుడు నక్క గొంతు సవరించుకుని, "ముళ్ళపందికి ఆరుగురు, దున్నకి నలుగురు," అని చదివింది.

ముళ్ళపంది ముళ్ళన్నీ లేచి నిలబడ్డాయి. "ఓడినవాడికి నలుగురేంటి?"

"పాత కట్టుబాటు బావా," అంది నక్క. పక్కకి తీసుకెళ్ళి, జాలి ఒలకబోస్తూ మొదలుపెట్టింది. "నాకూ కడుపు మండిపోతోందనుకో. చెమటోడ్చి గెలిచింది నువ్వు, దాదాపు సగం వాటా వాడికి. గెలిచినవాడికే పదిమందీ అనుంటే ఈపాటికి నీ చేతిలో పది ఉండేవి. ఇప్పుడు గాలి నీ వైపుంది. ఇంకో రెండు కోనలు ఇలాగే కొట్టావంటే దున్న ఇంటికి పోవాల్సిందే. ఈ పంపకాలు పెట్టుకుంటే మాత్రం వాడు చివరిదాకా నీ తోక పట్టుకు వేలాడతాడు."

"అయితే మార్చేద్దాం!"

"అమ్మో, నేనెవర్ని మార్చడానికి? నేనడిగితే బాగుండదు. నువ్వడగాలి."

ఈ మాటలు పక్క రాయి కింద నుంచి తాబేలు వింది. అడవిలో అందరికంటే పెద్దది అదే. "ఒరే అబ్బాయ్, ఇల్లు అలకగానే పండగ కాదు," అంది. "నువ్వెంత, దున్నెంత? దున్న ఊరికే నడిచొస్తే చాలు, సగంమంది వెనక చేరతారు. నువ్వు ఒక్కో తలనీ అడిగి తెచ్చుకోవాలి. పంచుకునే చోట చిన్నవాడికి ఓడినా ఇంత దక్కుతుంది. గెలిచినవాడిదే అంతా అంటే అది పెద్దవాడి విస్తరి రా."

"నేను ఓడతాననా తాతా నీ ఉద్దేశం?"

"ఓడతావనలేదు. ఓడితే ఏం మిగుల్తుందో చూసుకోమన్నాను."

ముళ్ళపందికి కోపమొచ్చింది. పుట్టిన దగ్గర్నుంచీ అందరూ పొట్టిదని నవ్వినవాళ్ళే. ఇవాళ గెలిచిన రోజు కూడా ఓటమి మాటేనా? మర్నాడే నాలుగు కోనలవాళ్ళనీ పెద్దబండ దగ్గరికి పిలిపించి, "ఏ కోనలో ఎవరు గెలిస్తే ఆ కోన పదిమందీ వాళ్ళకే. ఓడినవాళ్ళకి ఒక్కరు కూడా వద్దు. మగతనముంటే దున్నని ఒప్పుకోమనండి!" అంది.

దున్న నక్క వైపు చూసింది. నక్క కళ్ళు మూసి తెరిచింది.

"నువ్వే అంటున్నావు కాబట్టి సరే," అంది దున్న.

"అయితే ఉసిరి కోనలో నాకు పదిమంది!" ముళ్ళపంది గెంతింది.

"అదెలా కుదురుతుంది బావా?" నక్క నొచ్చుకున్నట్టు మొహం పెట్టింది. "జరిగిపోయిన కోనకి పాత లెక్కే. రాబోయే కోనలకే కొత్త కట్టుబాటు. నిన్న తిన్న అన్నానికి ఇవాళ ఉప్పు వేస్తామా?"

ఇది ముళ్ళపంది అనుకున్న లెక్క కాదు. కానీ అంతమంది ముందు అడిగిన మాట వెనక్కి తీసుకోవడం ఎలా? రెండు కోనలు కొడితే అదే సర్దుకుంటుందిలే అనుకుంది.

రెండో వారం ఎర్రరాళ్ళ కోన. ముళ్ళపంది వారమంతా రాళ్ళ మీద అరికాళ్ళు పగిలేలా తిరిగింది. దున్న ఒక్క పూట వచ్చి నిలబడింది. లెక్క చూస్తే ముళ్ళపందికి నలభై ఎనిమిది, దున్నకి యాభై రెండు. "దున్నకి పది, ముళ్ళపందికి సున్న," అని చదివింది నక్క.

"నా వెనక నిలబడ్డ నలభై ఎనిమిది మందీ ఏమైనట్టు?"

"లేనట్టు," అంది నక్క.

మూడో వారం వెదురు కోన. నలభై తొమ్మిది, యాభై ఒకటి. ఒక్క కొండముచ్చు అటు కాక ఇటు నిలబడి ఉంటే సమానమయ్యేది. నిలబడలేదు. మళ్ళీ పదిమందీ దున్నకే. ముళ్ళపంది పరిగెత్తుకెళ్ళి దున్న ముందు నిలబడింది.

"పాత కట్టుబాటుకే పోదాం. తప్పు నాది. నా కోసం కాదు, నీళ్ళ కోసం అడుగుతున్నా."

"మార్చమని నేనడిగానా? నువ్వేగా అడిగింది?" అంది దున్న. అందులో వెటకారం కూడా లేదు. ఆ మాట నిజం, అంతే. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది అంటే ఇదే.

నాలుగో వారం ఇప్పల కోన. మడుగుకి దూరంగా ఉన్నది వాళ్ళే కదా, నీళ్ళ బాధ ముందు తెలిసిందీ వాళ్ళకే. ముళ్ళపంది మాట అక్కడ మంత్రంలా పనిచేసింది. పొద్దెక్కేసరికి తొంభై తలలు ముళ్ళపంది వెనక వరసకట్టాయి. ముందు నిలబడింది చుక్కమ్మ అనే చుక్కల దుప్పి, పక్కనే దాని నెల పిల్ల. నక్క వచ్చింది గానీ లెక్కపెట్టలేదు.

"ఇంకెందుకమ్మా ఎండలో నిలబడ్డారు? నాలుగూ పదీ పదీ, దున్నకి ఇరవై నలుగురయ్యారు. ఇరవై ఒకటి చాలు. లెక్క తేలిపోయింది, ఇళ్ళకి పొండి."

"మరి మేమో?" అంది చుక్కమ్మ.

"మీ తలలు మీ దగ్గరే ఉంచుకోండి," అని నక్క వెనుదిరిగింది.

తాబేలు అప్పుడే ఈడ్చుకుంటూ అక్కడికి చేరింది. అందరూ వినేలా, "పాత లెక్కన అయితే ఆరూ, అయిదూ, అయిదూ, తొమ్మిదీ, పాతికమంది వీడికే వచ్చేవారు," అంది. "తలలు చూసినా నాలుగొందల్లో రెండొందల నలభై ఏడు వీడివే. గెలవాల్సినవాడే గెలవకుండా చేసుకున్నాడు." ముళ్ళపంది మట్టిలో మొహం దాచుకుంది.

రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఏడు నేల నెర్రెలిచ్చి, కుందేటి కాలు దిగబడేంత సందులు పడ్డాయి. మడుగు బురదయింది, బురద పెచ్చులయింది. ముందు ముసలివి పడిపోయాయి, తర్వాత చూలుతో ఉన్నవి. దున్న ప్రతిరోజూ మబ్బు వైపు చూసేది. మృగశిర వచ్చినా చినుకు రాలలేదు. రోహిణి మొదలైన ఇరవయ్యో రోజున, డొక్కలు ఎండి, "పోదాం పదండి, ముళ్ళపంది చెప్పిందే నిజం," అంది. లేవడానికి ఎవరి కాళ్ళలోనూ సత్తువ లేదు. దున్న కూడా రెండడుగులు వేసి మోకాళ్ళ మీద కూలబడింది. అంచున నడవాల్సిన దున్నలే లేనప్పుడు కొండసందు ఎవరు దాటిస్తారు?

చుక్కమ్మ పిల్ల ఆ రోజే పోయింది. తల్లి దాన్ని చాలాసేపు నాకింది. నాలుక మీద కూడా తడి లేదు. తర్వాత లేచి, తూలుతూ ముళ్ళపంది దగ్గరికి వచ్చింది.

"అన్నా, మా కోనలో తొంభైమంది నీ వెనకే నిలబడ్డాం. పిల్లని కూడా ఎండలో నిలబెట్టాను. మమ్మల్ని లెక్కపెట్టను కూడా లేదేం?"



కాస్త దూరంలో నక్క కూర్చుని ఉంది. ఒళ్ళు చేసి, బొచ్చు నిగనిగలాడుతోంది. ముళ్ళపంది దాని మీదికి ముళ్ళు లేపింది. "నువ్వే చేశావు ఇదంతా!"

"నేనా? నీ తల ఒక్కటి తగ్గించి రాశానా? వాడిది ఒక్కటి ఎక్కువ రాశానా? తాబేలు తాతని అడుగు, లెక్కలో వెంట్రుకంత తేడా లేదు," అని నక్క తాపీగా లేచింది. "కట్టుబాటు నీది బావా. నేను చదివానంతే."

చుక్కమ్మ పిల్లని వదిలి వచ్చిన వైపు అది నింపాదిగా నడిచింది. దాన్ని ఆపడానికి ముళ్ళపంది నాలుగడుగులు వేయబోయింది, కాళ్ళు లేవలేదు.

బలం లేనివాడికి పంపకమే బలం. గెలిచిన మదంలో దాన్ని కాలదన్నుకుంటే, వాడికంటే ముందు వాణ్ణి నమ్ముకున్నవాళ్ళు పోతారు.