మంగతాయారు డిగ్రీ చదువు

కొమ్ములపాలెంలో పిండిమర గవర్రాజు ఇంట్లో ముగ్గురే మనుషులు: గవర్రాజు, అతని పెళ్ళాం మంగతాయారు, తమ్ముడు చిట్టబ్బాయి. ముగ్గురికీ తెలివి మహా జాస్తి. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అనుకున్నారు. వాన పడితే కొత్త గొడుగు తడిసిపోతుందని చంకలో దాచుకుని నడిచేవాడు గవర్రాజు. "ఊరందరి గొడుగులూ తడిశాయి, మనది చూడు, పొడిపొడిగా ఉంది" అని ఇంటికొచ్చి తల తుడుచుకుంటూ మురిసిపోయేవాడు.

అలాంటి ఇంట్లో ఇద్దరు డిగ్రీలో చేరారు. చిట్టబ్బాయి రోజూ బస్సెక్కి యూనివర్సిటీకి వెళ్ళి చదివే రకం. మంగతాయారుది దూరవిద్య. ఇంటర్ అవగానే పెళ్ళి చేసేశారు పాపం, పదిహేనేళ్ళుగా డిగ్రీ కోసం ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. ఇద్దరికీ పాఠాలు మాత్రం ఒకే చోట, ఫోనులో తెరుచుకునే యూనివర్సిటీ పోర్టల్‌లో.

మొదటిరోజే గవర్రాజు బాగా ఆలోచించాడు. "తాయారూ, నీది దూరవిద్య. దగ్గర కూర్చుని చదివితే చెల్లదు" అన్నాడు. అంతే, ఫోను వీధి అరుగు మీద పెట్టారు. ఆమె పెరట్లో పీట వేసుకుంది.

"ఏవండీ, ఒక్క అక్షరం కనపడటం లేదు!"

"డిగ్రీ అంటే ఊరికే వస్తుందా మరి? కళ్ళు చించుకుని చూడు."

"నాది దగ్గర విద్య వదినా" అని చిట్టబ్బాయి తన ఫోను ముక్కుకు ఆనించుకున్నాడు. వాడికీ ఏమీ కనపడలేదు.

వారం తర్వాత స్టడీ సెంటరు శేషారత్నం మేడమ్‌కి ఫోన్ చేశారు. "దగ్గర పెట్టుకునే చదవండమ్మా. మీ పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ చెప్పకండి" అందావిడ. ఇంకేముంది, ఫోను దగ్గర పెట్టుకోగానే అదే ముందు పాస్‌వర్డ్ అడిగింది.

"చూశారా, ఎంత తియ్యగా అడుగుతోందో! నేను చెబుతానా?" అంది మంగతాయారు. మూడు రోజులు అడిగింది ఫోను. మూడు రోజులూ చెప్పలేదావిడ. పాఠం తెరుచుకోలేదు.

మేడమ్ మళ్ళీ ఫోన్లోకి వచ్చి, "పాస్‌వర్డ్ కొట్టారా లేదా?" అంది.

"అయ్యో, పాపం అదేం చేసిందండీ కొట్టడానికి?"

వేలితో ఒక్కొక్క అక్షరం ఎలా నొక్కాలో చెప్పేసరికి మేడమ్‌కి గొంతు తడారిపోయింది. ఎలాగైతేనేం, పాఠం తెరుచుకుంది. లోపల లెక్చరర్‌గారు, "సందేహాలుంటే చాట్‌లో పెట్టండి" అన్నారు. అంతే, మంగతాయారు పదకొండు సందేహాలు చీటీల మీద రాసి బియ్యం చెరిగే చాటలో పెట్టింది. జవాబు రాలేదు. గవర్రాజు చాట అందుకుని నాలుగు చెరుగులు చెరిగాడు. చీటీలన్నీ గాలికి ఎగిరిపోయాయి.

"ఇంకా ఉన్నాయా సందేహాలు?"

"ఒక్కటీ లేదండీ!" అంది చాటలోకి చూసి. ఆన్‌లైన్ చదువు ఇంత సుళువని తెలియక ఇన్నాళ్ళూ భయపడ్డామే అనుకున్నారు.

ఇంతలో అసైన్‌మెంట్ వచ్చిపడింది. శనివారం అయిదింటిలోగా అందకపోతే హాల్‌టికెట్ రాదు, ఏడాది పోతుంది. మంగతాయారు ఇరవై పేజీలు ముత్యాల్లా రాసింది. చిట్టబ్బాయి క్లాసులో విన్నది చెప్పాడు: "అప్‌లోడ్ చెయ్యాలి వదినా. అంటే పైకి ఎక్కించాలట."

అంతే, నిచ్చెన వేసి కాగితాలు పిండిమర రేకుల మీదకి ఎక్కించారు. గాలికి కదలకుండా పైన సన్నికల్లు పెట్టారు. చిట్టబ్బాయి తనవీ దాని కిందే దోపాడు.

శనివారం మధ్యాహ్నం మేడమే ఫోన్ చేసింది. "మీది అందలేదమ్మా, ఎక్కించారా?"

"ఎక్కించామండీ, పైనే ఉంది. ఇక్కణ్ణించి కనపడుతోంది కూడా."

"అయితే ఫైలు బరువు ఎక్కువైనట్టుంది. తగ్గించి చూడండి."

"సన్నికల్లు వద్దంటే విన్నావా అన్నయ్యా!" అంటూ చిట్టబ్బాయి నిచ్చెనెక్కి రాయి తీశాడు. ఇంకేముంది, ఇద్దరి కాగితాలూ కొంగల్లా లేచాయి. ఒకటి మురుగుకాలవలో, ఒకటి గేదె కొమ్ముకి, రెండు పక్కింటి వడియాల మీద. ముగ్గురూ ఊరంతా పరిగెత్తి ఏరుకొచ్చేసరికి నాలుగు దాటింది. మంగతాయారు కాగితాలు గుండెకు హత్తుకుని ఏడ్చేసింది. "పదిహేనేళ్ళు ఆగానండీ. ఇంకో ఏడాది నావల్ల కాదు."

గవర్రాజు పిండిమర ఆపేసి మోపెడ్ తీశాడు. అయిదుకి పది నిమిషాలుందనగా స్టడీ సెంటరులో దిగారు. ఒంటినిండా పిండి, చేతిలో వడియాలంటిన కాగితాలు. మేడమ్ తిట్టబోయింది. ఆ దస్తూరీ చూసి ఆగిపోయింది. తన ఫోనుతో పేజీపేజీకీ ఫొటో తీసి తనే పోర్టల్‌లో పెట్టింది. చిట్టబ్బాయివి కూడా పెట్టింది. హాల్‌టికెట్లు వచ్చాయి. మంగతాయారు తన పేరు పదిసార్లు చదువుకుంది.

పరీక్షలొచ్చాయి. చిట్టబ్బాయి యూనివర్సిటీకి వెళ్ళాడు. దూరవిద్య వాళ్ళకి పరీక్ష ఫోనులోనే కాబట్టి మంగతాయారు ఇంట్లోనే గదిలో కూర్చుని ఫోను తెరిచింది. తెర మీద పర్యవేక్షణకి శేషారత్నం మేడమే కనపడింది.

"అమ్మా, నియమాలు విను. పరీక్ష అయ్యేదాకా ఆ గదిలో నువ్వు తప్ప ఇంకెవరూ ఉండకూడదు."

మంగతాయారు గది నాలుగు మూలలూ చూసింది. తెర వంక చూసింది. "మరి మీరున్నారు కదండీ" అంది మొహమాటంగా.

ఫోనుని భద్రంగా రెండు చేతులా ఎత్తి బయట అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టింది. గదిలోకి వెళ్ళి గడియ వేసుకుంది.

"మేడమ్‌గారూ, దిగులు పడకండి" అన్నాడు గవర్రాజు, ఫోను పక్కనే మంచినీళ్ళ గ్లాసు పెడుతూ. "లోపల ఒక్కతే ఉంది. నేను కాపలా ఉన్నాను. తమరు కూడా తొంగి చూడకూడదు మరి!"