చెలమ చుట్టూ ఇసుక

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఏడు రోళ్ల మాట దేవుడెరుగు, జాలువాగు మాత్రం ఒట్టి ఇసుక మేట అయిపోయింది. ఆ ఇసుకలో ముళ్లపంది సూరమ్మ గోళ్లు అరిగేలా తవ్విన చెలమ ఒక్కటే అడవికంతటికీ దిక్కు. అందులో నీరు మెల్లగా ఊరుతుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎవరూ ముట్టకపోతేనే తలా నాలుగు గుక్కలు దక్కుతాయి. మధ్యలో ఎవరు మూతి పెట్టినా చివరివాళ్లకి బురదే.

మూడు రోజులుగా బురదే మిగులుతోంది. నిన్నయితే ముసలి కుందేలు దాహంతో సొమ్మసిల్లి పడిపోయింది. దాంతో అందరూ చెలమ దగ్గర పంచాయితీకి చేరారు.

"ఎవరినీ ఏమీ అనకండి," అంది గువ్వ. "మనందరివీ వెన్నలాంటి మనసులు. ఏదో పొరపాటున జరిగుంటుంది. ఒక మంచి మాట చెప్పుకుంటే చాలు."

"మొన్నా మంచి మాటే చెప్పుకున్నాం, నిన్నా చెప్పుకున్నాం. మాటలతో గొంతు తడుస్తుందా తల్లీ?" అని సూరమ్మ విసుక్కుంది.

నక్క గొంతు సవరించుకుంది. "మంచి లేదు, మన్నూ లేదు. పుట్టుకతోనే అందరం దొంగలం. భయం లేనిదే ఎవరూ దారికి రారు. పెత్తనం ఒక్కరి చేతిలో పెట్టండి. ఆ ఒక్కరిని ఎవరూ ప్రశ్నించకూడదు. మీరు కాదనకపోతే ఆ బరువేదో నేనే మోస్తాను."

"అందరూ దొంగలేనా తమ్ముడూ?" అని అడిగింది సూరమ్మ.

"అందరూ దొంగలే అక్కా."

"నువ్వూ?"

"నేనా? నేను ఎప్పుడో మారాను కదా!"

అందరూ ఫక్కున నవ్వుతారనుకుంది సూరమ్మ. ఒక్కరూ నవ్వలేదు. పైగా "నిజమే, నక్కయితేనే గట్టిగా ఉంటుంది" అని తలలూపారు. సూరమ్మకి ఒళ్లు మండింది. పోయినేడు ఇప్పపూల కుప్పకి ఎలుగుబంటిని కాపలా పెట్టింది వీళ్లే. కంచే చేను మేస్తే ఏమవుతుందో కళ్లారా చూసిందీ వీళ్లే. ఆ పూలన్నీ మేసి పడుకున్న ఎలుగు గురక ఇంకా చెవుల్లోంచి పోనేలేదు, మళ్లీ అదే తంతు.

"సరే, మీ ఖర్మ!" అంది. "కానీ రెండు షరతులు. కాపలావాళ్లు అందరి తర్వాత తాగాలి. పొద్దున్నే నేను నా ముళ్లతో చెలమ చుట్టూ ఇసుక చదును చేస్తాను. సాయంత్రం అందరం కలిసి ఆ ఇసుక చూశాకే నీళ్లు."

"నా మీద అనుమానమా అక్కా?"

"నీ ఒక్కడి మీదే అయితే ఇంత గొడవెందుకు? నా మీద నాకూ అనుమానమే."

మర్నాడు సూరమ్మ అన్నట్టే ఇసుక చదును చేసి వెళ్లి పొద కింద పడుకుంది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. తవ్వింది నేనే కదా, ఒక్క గుక్కకేం పోయిందిలే అనిపించింది. లేచి వెళ్లింది. చెలమ దగ్గర కాపలా ఉండాల్సిన నక్క లేదు. నీళ్లు అప్పటికే సగానికి తగ్గాయి. అది చూసి కూడా గబుక్కున ఒక గుక్క తాగేసింది. తిరిగొస్తూ దారి పొడుగునా తనని తానే తిట్టుకుంది.

సాయంత్రం ఇసుక చూసి నక్క ఎగిరి గంతేసింది. "చూడండి! ఇవి కుందేలు అడుగులు. ఇవి మన వెన్నమనసు గువ్వవి. ఇదిగో, నీతులు చెప్పిన అక్కవి! నేను చెప్పలేదూ? ఇంక షరతులూ వద్దు, ఇసుకా వద్దు. చెలమ నాకు వదిలేసి పొండి."

గువ్వ ఏడుపు లంకించుకుంది. కుందేలు చెవులు వేలాడేసింది. సూరమ్మకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అయినా ముందుకొచ్చింది.

"అవి నా అడుగులే. తాగాను. ఈ పూట నా వంతు వదులుకుంటున్నాను. అది సరే గానీ తమ్ముడూ, పొద్దుటి నుంచి ఇక్కడే కాపలా ఉన్న నీ అడుగు ఒక్కటీ లేదేం?"

"నేను... నేను బాగా తేలిగ్గా నడుస్తానక్కా."

"గువ్వకన్నానా?"

ఈసారి అందరూ నవ్వారు.

"తోకతో తుడిస్తే ఇసుక తోకకే అంటుకుంటుంది," అంది సూరమ్మ. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నక్క చటుక్కున తిరిగి తోక చూసుకుంది. తోక మీద ఇసుక రేణువు కూడా లేదు. ఎప్పుడో ఆరి రాలిపోయింది. కానీ ఆ చూసుకోవడం అడవంతా చూసింది. పొద్దున్నే కడుపు నిండా తాగి, అడుగులు తుడిచేసి, పోయి గుహలో నిద్రపోయిందని వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

"తరిమేయండి దీన్ని!" అని అరిచింది కుందేలు.

"ఎందుకూ? దానికి మాత్రం దాహం వెయ్యదా?" అని కసిరింది సూరమ్మ. "రేపటి నుంచి రోజుకొకరు కాపలా. నువ్వూ, గువ్వా, నేనూ, నక్కా. ఎవరి వంతైనా సరే, ఇసుక చూడటం మాత్రం మానొద్దు."

"మళ్లీ నక్కనా? ఎలా నమ్మడం పెద్దమ్మా?" అంది గువ్వ కళ్లు తుడుచుకుంటూ.

"నమ్మమని ఎవరన్నారే తల్లీ? చూడమన్నాను!"

మిగిలిన నీళ్లు ముసలి కుందేలుతో మొదలుపెట్టి సూరమ్మ తప్ప అందరూ తాగారు. షరతు ప్రకారం అందరి తర్వాత కాపలా నక్క వంతొచ్చింది. మూతి ముంచితే బురద తగిలింది.

దాహం వేయని కాపలావాడు ఇంకా పుట్టలేదు, అందుకే కాపలా మీదా ఒక కన్నుండాలి.