నల్లగుడ్డ కింద గ్లాసు

స్నిగ్ధ చేసిన గ్లాసు రెండోసారి కూడా వెనక్కి వచ్చింది.

నిజం గ్లాసు కాదు, కంప్యూటర్లో చేసింది. ఒక మంత్రాల సినిమాలో, పాడుబడ్డ బంగళా గదిలో, బల్ల మీదున్న నీళ్ళ గ్లాసు దానంతటదే గాల్లోకి లేస్తుంది. ఆ గ్లాసు స్నిగ్ధది. గది దావీదుది. ఇద్దరూ విజయవాడలో మా గౌస్ మాస్టారి దగ్గరే పని నేర్చుకుని, ఆయన స్టూడియోలోనే కుదురుకున్నారు. నేనూ అంతే. కాకపోతే నాకు చెట్లూ పుట్టలూ గీయడం తప్ప ఇంకేం చేతకాదు కాబట్టి ఈ గొడవలో నేను లేను.

"ప్లాస్టిక్కులా ఉంది. రేపటికి కుదరకపోతే షాట్ ఎత్తేస్తాం" అన్నారు సినిమావాళ్ళు. తెర మీదికి వెళ్ళబోయే మొదటి షాట్ అది ఆమెకి. పాపం, ఇంట్లో అప్పుడే చెప్పేసుకుంది కూడా.

మధ్యాహ్నం మాస్టారి ముందుకొచ్చి నిలబడింది. మొహం కందిపోయి ఉంది.

"గాజు మందం సరిగ్గానే ఇచ్చాను మాస్టారూ. వెలుగు గాజులో ఎంత వంగాలో, నీళ్ళలో ఎంత వంగాలో అన్నీ లెక్కప్రకారమే పెట్టాను. లైట్లు కూడా ఇంకో నాలుగు వేశాను. అయినా ప్రాణం లేకుండా పడుంది."

మాస్టారు ఆమె తెర చూశారు. నల్లటి ఖాళీలో గ్లాసు ఒక్కటే ఉంది.

"గదేదమ్మా?"

"తీసేశానండి. అది ఉంటే బొమ్మ తయారవడానికి గంటలు పడుతోంది. గ్లాసు విడిగా చేసుకుని, ఆఖర్న గది మీద అతికిస్తే సరిపోతుంది కదా."

ఇది సగం నిజం. మిగతా సగం స్టూడియోలో అందరికీ తెలుసు. మొదటిసారి షాట్ చూపించినప్పుడు వచ్చినవాళ్ళంతా గోడల మీది పెచ్చులూ కిటికీ తుప్పూ చూసి దావీదుని తెగ మెచ్చుకున్నారు. గ్లాసు బాగుందన్నవాడు లేడు. అప్పట్నుంచి ఈవిడ అతనితో మాటలు మానేసింది. కుర్చీ కూడా అటు తిప్పేసుకుంది. మా స్నిగ్ధకి పంతం వస్తే అంతే.

మాస్టారు పూర్వం ఫోటో స్టూడియో నడిపిన మనిషి, ఉపన్యాసాలు ఆయనకి రావు. తను చాయ్ తాగిన గాజు గ్లాసు కడిగి, నీళ్ళు నింపి, కిటికీలోంచి ఎండ పడేచోట బల్ల మీద పెట్టారు.

"ఇందులో ఏం కనిపిస్తోంది?"

ఆమె వంగి చూసింది. "కిటికీ చువ్వలు. ఎదుటి మెడికల్ షాపు బోర్డు, అక్షరాలు తిరగబడి. అంచు మీద ట్యూబ్‌లైటు. మీ గళ్ళ చొక్కా." కొంచెం ఆగి, "కింద బల్ల మీద వెలుగు, వలలా కదులుతోంది" అంది.

మాస్టారు బీరువాలోంచి తన ఫోటోల నాటి నల్లగుడ్డ తీసి గ్లాసు చుట్టూ గుడారంలా కప్పారు. ఒక మూల కొద్దిగా ఎత్తి పట్టుకున్నారు.

"ఇప్పుడు చూడు."

ఆమె కన్ను ఆనించి చాలాసేపు చూసింది.

"ఏమీ లేదు మాస్టారూ."

"గ్లాసుందిగా."

ఆమె తలెత్తేసరికి కళ్ళలో నీళ్ళున్నాయి. ఎవరూ అడక్కుండానే కడుపులో ఉన్నది బయటపెట్టేసింది.

"గది పెడితే మళ్ళీ అందరూ దావీదు గదినే చూస్తారు మాస్టారూ. నాకు కుళ్ళుగా ఉంది."

మాస్టారు గుడ్డ తీసేశారు. చువ్వలు, బోర్డు, గళ్ళ చొక్కా అన్నీ మళ్ళీ గ్లాసులోకి వచ్చేశాయి.

"గాజుకి ఆ బాధ లేదమ్మా" అన్నారు. గుడ్డ మడతపెట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

స్నిగ్ధ ఆ గ్లాసు ముందే కూర్చుండిపోయింది. నేను పనిచేస్తున్నట్టు నటిస్తూ ఓరగా చూస్తున్నాను. కాసేపటికి లేచి, కళ్ళు తుడుచుకుని, తిన్నగా దావీదు దగ్గరికి వెళ్ళింది.

"నీ గది కావాలి దావీదూ."

అతను ఉలిక్కిపడ్డాడు. "ఎంతవరకు? బల్ల వెనక గోడా, కిటికీనా?"

"మొత్తం కావాలి. కెమెరా వెనకున్న గోడ కూడా."

"అది నేను కట్టనే లేదు. కెమెరాకి కనబడదు కదా."

"గ్లాసుకి కనబడుతుంది."

దావీదు ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత తన కుర్చీ జరిపి, పక్కన చోటిచ్చాడు.

ఆ నాలుగో గోడ ఇద్దరూ కలిసి కట్టారు. షాట్ సినిమాలో నిలిచింది.