ఆముదం లేని చేతులు

బోధానందస్వామి వాదనకు దిగే మనిషి కాదు. ఎవరేమి అడిగినా, తాను కళ్లారా చూసిందేదో చెప్పి ఊరుకునేవారు. పూర్వాశ్రమంలో కార్మిక శాఖలో పనిచేసిన శేషగిరి అనే శిష్యుడు ఒకనాడు ఆయన్ని అడిగాడు: “స్వామీ, బతకడానికి చాలినంత కూలి ఇచ్చి తీరాలని చట్టం వస్తే, ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య దూరం తగ్గుతుందా?”

స్వామి తాను ఉద్దానంలో ఉన్ననాటి సంగతి చెప్పారు.

అక్కడ ఒక జీడిపప్పు కార్ఖానాలో గున్నమ్మ అనే వితంతువు పిక్కలు కొట్టేది. పిక్కలోంచి కారే జీడి రసం తగిలితే చర్మం కాలిపోతుంది. అందుకని షావుకారు రోజూ పొద్దున్నే ఆడవాళ్లకు ఆముదం పోయించేవాడు. అది చేతులకు పట్టించుకుని పనిలో కూర్చునేవారు. అలా ఉండగా కొత్త చట్టం ప్రకారం కూలి పెంచమని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. షావుకారు ఎదురు చెప్పకుండా పెంచాడు. ఆ వారమే షెడ్డులోంచి ఆముదం కుండ మాయమైంది. అడిగితే, ఉత్తర్వులో కూలి మాటే ఉంది గాని ఆముదం మాట లేదన్నాడు.

ఆముదం కొనుక్కుంటే పెరిగిన కూలి అంతా దానికే పోతుంది. గున్నమ్మ కొనలేదు. ఈడొచ్చిన కూతురు దమయంతి అప్పటికి తిండి చాలక మంచం పట్టి ఉంది. ఆ డబ్బుతో పిల్లకు పాలూ గుడ్లూ పెట్టింది. పిల్ల లేచి తిరగసాగింది. తల్లి చేతులు మాత్రం పొక్కులెక్కి, తోలు ఊడి, చివరకు వేళ్లు వంగకుండా బిగుసుకుపోయాయి. అన్నం ముద్ద కూడా కూతురే కలిపి పెట్టవలసి వచ్చింది.

పని మందగించింది. షావుకారు ఆమెను పిలిపించి, కసురుకోకుండానే చెప్పాడు. “ఇంత కూలి ఇచ్చి ఈ చేతులతో ఏం చేయించుకోనమ్మా? నీ పిల్లకి ఒంట్లో బలమొచ్చింది కదా, దాన్ని పంపించు.”

గున్నమ్మ కొన్నాళ్లు పంపలేదు. ఇంట్లో గింజలు నిండుకున్నాక పంపింది. దమయంతి తల్లి పీట మీదే, వట్టి చేతులతో కూర్చుంది. చట్టం చెప్పిన కూలి పైసా తగ్గకుండా అందుకుంది. ఆ ఏడు షావుకారు తన ఇంటి మీద ఇంకో అంతస్తు లేపాడు.

శేషగిరి, అయితే ఆ చట్టం రాకపోయుంటేనే మేలా అని నెమ్మదిగా అడిగాడు.

“మంచి చట్టమే నాయనా. గున్నమ్మ చేతి దాకా వచ్చింది,” అన్నారు స్వామి. “ఆముదం కుండ తీసేసిన షావుకారు చేతి దాకా పోలేదు.”